మూగబూరుగు

పర్లాకిమిడి కాలేజీలో మెట్ల కింద గది నాది.
ఇనప బీరువాలు పదకొండు. కలరా ఉండల వాసన.
జీతాల పుస్తకంలో అటెండర్ని.
పాణిగ్రాహి మేడం కళ్లు మసకబారాక
బ్లేడు పట్టేది మాత్రం నేనే.

ఏడో బీరువా, బూరుగు కుటుంబం.
అడుగు అరలో ఒక అట్ట:
ఎండిన కొమ్మ, చిట్లిన కాయ,
చిట్లిన చోట బయటపడ్డ దూది.
పువ్వు లేదు.
తెచ్చినాయన మాఘంలో కొండెక్కలేదు కాబోలు.
కాయలకాలంలో ఎక్కాడు, దూదిని చూశాడు, బూరుగన్నాడు,
గంజాం జిల్లా, మద్రాసు రాజధాని అని
వంకర లేని అక్షరాలతో రాసి దిగిపోయాడు.
తొంభై ఏళ్లు ఎవరూ ఆ మాట తిరగేయలేదు.
మనవాళ్లకీ అది మూగబూరుగే.
డప్పు చట్రం చేస్తే మోగదని.

ఈ ఏడు మాఘంలో
గుమ్మ దాటాక, జీపు మొరాయించిన చోటు నుంచి
ఇసాకు గొమాంగో ముందు నడిచాడు.
కుచ్చిళ్లు దోపుకుని మేడం మధ్యలో,
పాత పేపర్ల కట్టతో వెనక నేను.
సగం తెలుగు పేపర్లు, సగం ఒడియా.
పూలకి ఏ వార్తయినా ఒకటే, తడి పీలిస్తే చాలు.

చెట్టుకి ఒక్క ఆకు లేదు.
కొమ్మల చివర్లనిండా పూలు,
మీగడలో సున్నం కలిపిన రంగు,
లోపల ఎవరో వక్క నమిలి ఉమ్మినట్టు ఎర్ర మరక.
ఇసాకు ఎక్కి ఒక్క కొమ్మే విరిచాడు.
రెండోది అడిగితే వినబడనట్టు దిగాడు.

బండ మీద కూర్చుని కోశాను.
నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి.
"కేసరాలు కట్టలుగా ఉన్నాయా?"
లేవు మేడం, దేనికదే.
"పుప్పొడి తిత్తి నిలువునా చీలిందా?"
చీలలేదు. కొసన సన్నటి కన్నం,
ఉప్పుడబ్బా మూతకున్నట్టు.
ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.
భూతద్దం అందుకుని, కనబడని కంటికే పెట్టుకుంది.
"అయితే ఇది బూరుగు కాదు" అంది,
పెళ్లింటి నుంచి వేరెవరి చెప్పులో తొడుక్కొచ్చామని
సగం దారిలో తెలిసినట్టు.

దులిపాను. పుప్పొడి రాలలేదు.
ఊదాను. రాలలేదు.
మర్నాడు ఫిజిక్సు ల్యాబు నుంచి శ్రుతిదండం అడిగి తెచ్చి
మోకాలికి కొట్టి, కేసరం కాడకి ఆనించాను.
భుస్సుమని పచ్చటి పొగ.
నల్లకాగితం మీద చిటికెడు పసుపు.

మూగదట!
బొద్దు తుమ్మెద వచ్చి పట్టుకుని
ఒళ్లంతా ఝుమ్మనిపిస్తే తప్ప
పిడికిలి విప్పని పువ్వు.
చెవులున్నదానికి మనం పెట్టిన పేరది.

సంతరోజు కిందికొచ్చిన ఇసాకుకి చెప్పబోతే నవ్వాడు.
"బూరుగని మేమెప్పుడన్నాం? కిందోళ్లు, మీరన్నారు."
వాళ్ల పేరు చెప్పాడు.
నడుమ గొంతు బిగపట్టి వదిలే చప్పుడు ఒకటుంది.
రిజిస్టరుకని ఒడియాలో రాశాను, ఆ చప్పుడు జారిపోయింది.
ఇంటికెళ్లి తెలుగులో రాశాను, అక్కడా ఖాళీయే.
అర్థమేటని అడిగితే
"తుమ్మెదొస్తది" అన్నాడు. అంతే.

మేడంతో అన్నాను, మన ఊరు లాంటిదే కదండీ ఇదీ,
మా తాత పుట్టినప్పుడు మద్రాసు, పోయినప్పుడు ఒరిస్సా,
ఇల్లు మాత్రం అదే వీధిలో.
"ఆ గీత కాయితం మీద గీసింది.
ఈ కన్నం పువ్వులో ఉంది. రెండూ కలపకు" అంది.
నిజమే. సిగ్గేసింది.
అయినా ఆ రాత్రంతా తాతే కనబడ్డాడు,
అరుగు మీద, ఏ భాషలోనో దగ్గుతూ.

అట్ట మీది పాత చీటీ చింపకూడదు.
మా పనిలో అది పాపం.
పక్కన కొత్తది అంటించాలి, తేదీ వేయాలి,
పొరబడ్డాయన్నీ ఉండనివ్వాలి.
కొత్త చీటీ కింద మేడం సంతకం.
ఆ కింద, ఆవిడ పట్టుబట్టి రాయించింది,
చీమకాళ్లంత అక్షరాలతో:
చెట్టెక్కింది ఇసాకు గొమాంగో, కోసింది బెవర కామేసు.

ఏడో బీరువా నుంచి మూడోదానికి తొమ్మిదడుగులు.
తలుపు తుప్పుపట్టి రాలేదు,
కాలు తన్నిపెట్టి లాగాను.

శ్రుతిదండం ఇంకా తిరిగివ్వలేదు.
ఫిజిక్సువాళ్లు రెండుసార్లు కబురంపారు.
నా జేబులోనే ఉంది,
కొసన ఇంకా కాస్త పసుపు.